సర్పగంధ, సెరటోనిన్, మా బాబాయి చేతి వణుకు

నేను రోజూ ఆఫీసుకు వెళ్ళే మెట్రో రెడ్ లైన్ మీద, మేరీల్యాండ్ లోని బెతెస్డా దగ్గర, మెడికల్ సెంటర్ అని ఒక స్టేషన్ ఉంది. ఎక్కుతుంటే ఎంతకీ తరగని ఎస్కలేటరు ఒకటి ఉంటుంది. పైకొస్తే ఎదురుగా ఎన్.ఐ.హెచ్. ప్రాంగణం. నాలుగేళ్ళు దాని పక్కనుంచే పోయాను కానీ, అక్కడ జరిగినవాటికీ నా బాత్రూం అలమరలో ఉన్న నారింజ రంగు మందు సీసాకీ సంబంధం ఉందని నాకు తెలియదు.

ముందు ఆ సీసా సంగతి చెప్పాలి. 2019 చివర్లో నా ప్రాజెక్టు అయిపోయింది. కన్సల్టెంటు బతుకు తెలిసినవాళ్ళకి 'బెంచి' అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. వీసా గడువు ఒక పక్క, ఇంట్లో ఏడు నెలల పాప మరో పక్క. కొత్త ప్రాజెక్టు దొరికాక అన్నీ సర్దుకోవాలి కదా! సర్దుకోలేదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. ఆఫీసు పార్కింగులో కారు ఆపి, దిగలేక అరగంట కూర్చునేవాణ్ణి. చివరికి మా ఆవిడ బలవంతం మీద డాక్టరు దగ్గరికి వెళితే ఆయన పదిహేను నిమిషాలు విని, సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాములు రాసిచ్చాడు. "మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తక్కువైంది, ఇది దాన్ని సరిచేస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళకి ఇన్సులిన్ ఇచ్చినట్టే అనుకో" అన్నాడు.

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. లెవెలు తగ్గింది, నింపుతున్నాం. ఇంజన్లో ఆయిల్ పోసినట్టు. తప్పు నాది కాదు, పాత్రలో సరుకు తక్కువ, అంతే. కానీ ఆయన నా రక్తం తీయలేదు, ఏ పరీక్షా చెయ్యలేదు. కొలవకుండా తక్కువని ఎలా తెలిసింది? మాస్టర్స్ చదివిన బుర్రకి ఆ ప్రశ్న రావలసిందే, అప్పుడు రాలేదు. ఆరు వారాలకి నిద్ర పట్టింది. ఇక ప్రశ్నలెందుకు?

2022 జులైలో లండన్ పరిశోధకురాలు జోవన్నా మాంక్రీఫ్, మరికొందరు కలిసి ఒక సమీక్ష ప్రచురించారు. డిప్రెషన్ కి సెరటోనిన్ తక్కువవడమే కారణం అనడానికి నిలకడైన ఆధారం లేదు అని దాని సారాంశం. వార్త అన్ని చోట్లా వచ్చింది. ఫోన్లో చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. రెండున్నరేళ్ళుగా అబద్ధం మింగుతున్నానన్నమాట! సీసా తీసి సొరుగు అడుక్కి నెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు నుంచి తల తిప్పినప్పుడల్లా లోపల చిన్న కరెంటు షాకు కొట్టినట్టు ఉండేది. కళ్ళు తిరగడం, ఊరికే కోపం. పాలు ఒలకబోసిందని మూడేళ్ళ పిల్ల మీద అరిచిన అరుపుకి పక్క అపార్టుమెంటు వాళ్ళు తలుపు తీసి చూశారు. పదో రోజున సిగ్గుపడుతూ మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఈ మందు ఆపాలంటే వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలిట. "కారణం తప్పయితే మందు తప్పని ఎవరన్నారు?" అన్నాడాయన. నాకు సమాధానం దొరకలేదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. నేను డాక్టర్ని కాను, కెమిస్టునీ కాను. కానీ ఒక వాక్యం ఎక్కడ పుట్టి, ఎవరి చేతులు మారి నా దాకా వచ్చిందో వెతకడం పాత కోడ్ చదవడం లాంటిదే. అది నాకు అలవాటైన పని.

నరాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయి అన్న ప్రశ్నకి వందేళ్ళ కిందట రెండు ముఠాలుండేవి. కరెంటు ద్వారా అని ఒక ముఠా, రసాయనాల ద్వారా అని మరొకటి. ఆస్ట్రియాలో గ్రాట్జ్ అనే ఊళ్ళో ఆటో లోవీ అనే ప్రొఫెసరుకి ఒక రాత్రి కలలో దీన్ని తేల్చే ప్రయోగం తోచింది. లేచి కాగితం మీద గీకి పడుకున్నాడు. పొద్దున చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు! మర్నాటి రాత్రి మూడింటికి అదే కల మళ్ళీ వచ్చింది. ఈసారి రాసుకునే పని పెట్టుకోకుండా తిన్నగా ల్యాబుకి పోయాడు. రెండు కప్పల గుండెలు తీసి, ఉప్పు నీళ్ళలో కొట్టుకుంటూ ఉండగా, ఒకదాని నరాన్ని ప్రేరేపించాడు. ఆ గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న నీళ్ళు తీసి రెండో గుండె మీద పోశాడు. నరమేదీ ముట్టుకోకుండానే అదీ నెమ్మదించింది. అంటే ఆ నీళ్ళలో ఏదో ఉంది. 1921లో ప్రచురించాడు. ఆ 'ఏదో' అసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. 1936లో హెన్రీ డేల్ తో కలిసి నోబెల్ వచ్చింది. 1938లో నాజీలు ఆస్ట్రియాలో అడుగుపెట్టగానే, యూదుడైన లోవీని జైల్లో వేశారు. నోబెల్ డబ్బు తమ బ్యాంకుకి రాసిచ్చాకనే దేశం దాటనిచ్చారు. చివరికి న్యూయార్కు చేరి అక్కడ పాఠాలు చెప్పుకున్నాడు. వీసా కష్టాల గురించి నేను మాట్లాడకపోవడం మంచిది.

కప్ప గుండె సరే, మనిషి మెదడు సంగతి? 1950 నాటికి కూడా మెదడులో నడిచేది ముఖ్యంగా కరెంటే అనుకునేవాళ్ళు చాలామంది. సెరటోనిన్ని రక్తంలో కనిపెట్టింది 1948లో. అది మెదడులోనూ ఉందని బెటీ ట్వారోగ్ అనే యువ పరిశోధకురాలు చూపించింది 1953లో. ఈ తేదీలు గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే పిచ్చికి మొదటి మందులు అప్పటికే వచ్చేశాయి. రసాయనం తెలిసి మందు చెయ్యలేదు. మందు ముందు, రసాయనం తర్వాత. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన విషయం ఇదే.

ఆ మొదటి మందుల్లో ఒకటి మన దేశానిది. సర్పగంధ వేరు. బీహారు ప్రాంతంలో దాన్ని 'పాగల్ కీ దవా' అనే పిలిచేవారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు ఈ వేరు ఉన్మాదానికీ, రక్తపోటుకీ పనిచేస్తుందని వ్యాసం రాశారు. అదే ఏడు ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ దాని నుంచి కొన్ని ఆల్కలాయిడ్లు వేరుచేసి, ఒకదానికి తనను ఆదరించిన హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలీన్ అని పేరు పెట్టాడు. ఆ వ్యాసాల్ని మన దేశం బయట పట్టించుకున్నవాళ్ళు లేరు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ యాభై మంది రక్తపోటు రోగుల మీద చూసి బ్రిటిష్ హార్ట్ జర్నల్లో రాశాక గానీ కదలిక రాలేదు. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ ఆ వేరులోంచి రిసర్పిన్ అనే అసలు సరుకు తీసింది. 1954 కల్లా న్యూయార్కు దగ్గర రాక్‌లండ్ ఆసుపత్రిలో నేథన్ క్లైన్ అనే డాక్టరు దాన్ని వందల మంది మానసిక రోగులకి ఇచ్చి ఫలితాలు ప్రకటించాడు. పగిలిన కిటికీ అద్దాలు మార్చే పనివాడికి అక్కడ పని తగ్గిపోయిందని చెప్పుకుంటారు.

మనవాళ్ళకి ముందే అన్నీ తెలుసు అని ఛాతీ విరుచుకోవడానికి ఈ కథ చెప్పడం లేదు. వేరు పనిచేస్తుందని మనకి తెలుసు, నిజమే. ఎందుకు పనిచేస్తుందో మనకీ తెలియదు, స్విట్జర్లాండు వాళ్ళకీ తెలియదు. అది తెలుసుకోబోయింది నా మెట్రో స్టేషన్ ఎదురుగా.

బెతెస్డాలో బెర్నార్డ్ బ్రోడీ అనే ఆయన ల్యాబు ఉండేది. రసాయనాల్ని అవి వెలువరించే వెలుగుని బట్టి అతి సూక్ష్మంగా కొలిచే యంత్రం ఒకటి ఎన్.ఐ.హెచ్. లోనే కొత్తగా తయారయింది. దాంతో 1955లో బ్రోడీ బృందం రిసర్పిన్ ఎక్కించిన జంతువుల మెదళ్ళు చూసింది. సెరటోనిన్ దాదాపు ఖాళీ! ఒక మందు మనసు మీద చేసే పనినీ, మెదడులోని ఒక రసాయనాన్నీ కలిపి ముడి వేయడం అదే మొదలు.

అప్పుడే ఆ ల్యాబులో అయిదు నెలలు పని నేర్చుకోవడానికి స్వీడన్ నుంచి ఆర్విడ్ కార్ల్‌సన్ వచ్చాడు. సెరటోనిన్ ఒక్కటేనా, దాని చుట్టాలైన మిగతా రసాయనాలూ చూద్దామా అని అడిగితే బ్రోడీ వద్దన్నాడు. కార్ల్‌సన్ ఇంటికెళ్ళి తనే చూశాడు. అవీ ఖాళీ. 1957లో కుందేళ్ళకి రిసర్పిన్ ఇచ్చాడు. చెవులు వాల్చేసి, కదలకుండా, ముద్దల్లా పడి ఉన్నాయి. వాటికి సెరటోనిన్ ముడిసరుకు ఇస్తే లాభం లేదు. ఎల్-డోపా ఇచ్చాడు. కాసేపట్లో చెవులు లేచాయి, కుందేళ్ళూ లేచాయి. ఎల్-డోపా నుంచి మెదడులో తయారయ్యేది డోపమిన్. అప్పటిదాకా దాన్ని దారిలో తగిలే మజిలీ అనుకున్నారే తప్ప, దానికంటూ సొంత పని ఉందని ఎవరూ అనుకోలేదు. 1960లో లండన్ సభలో చెబితే పెద్దలు నమ్మలేదు. నోబెల్ 2000లో వచ్చింది.

అన్నట్టు, ఈ ఎల్-డోపా మన పొలంగట్ల మీదే ఉంది. దూలగొండి తెలుసుగా? బళ్ళో ఎవడి చొక్కాలోనో వేసి గోకించే ఆ కాయ. దాని గింజల్లోంచి ఎల్-డోపాని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు వేరుచేశారు. నేను దాన్ని మా క్లాసు లీడరు మీద ప్రయోగించాను, వేరే ఉద్దేశంతో.

ఇక్కడ మా బాబాయి గురించి చెప్పాలి. మా ఊరు బాపట్ల దగ్గర. మా నాన్న తమ్ముడు డిగ్రీ రెండో ఏడులో చదువు ఆపేశాడు. తనని ఎవరో తిడుతున్నట్టు వినపడేదిట. నాయనమ్మ ముందు తాయెత్తులు కట్టించి, తర్వాత తాతయ్య పోరితే గుంటూరులో ఒక డాక్టరు గారికి చూపించింది. ఆయన లార్గాక్టిల్ ఇచ్చారు. తిట్లు తగ్గాయి. కొన్నాళ్ళకి చేతులు వణకడం మొదలయింది. నాకు ఊహ తెలిసేసరికి బాబాయి రేడియోలు బాగుచేసుకుంటూ ఉండేవాడు, కానీ సోల్డరింగు పెట్టడానికి కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకునేవాడు. టీ ఎప్పుడూ ఆయనకి సగం గ్లాసే పోసేది నాయనమ్మ. పిల్లలం మేం ఆయన్ని వెనకాల 'సగం గ్లాసు బాబాయి' అనుకునేవాళ్ళం. ఆ వణుకు కూడా పిచ్చిలో భాగమే అని ఊరంతా అనుకుంది, మాతో సహా.

లార్గాక్టిల్ అంటే క్లోర్‌ప్రొమజీన్. ఫ్రాన్సులో 1950 డిసెంబరులో తయారయింది. ఆపరేషన్లకి ముందు రోగి శరీరం తట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందా అని వెతుకుతున్న లబోరీ అనే నౌకాదళ సర్జన్, ఇది తీసుకున్నవాళ్ళు నిద్రపోకుండానే నిబ్బరంగా, ఏమీ పట్టనట్టు ఉండటం గమనించాడు. 1952లో పారిస్ లోని సెయింట్ ఆన్ ఆసుపత్రిలో డిలే, డెనికర్ మానసిక రోగులకి ఇచ్చారు. 1955లో అమెరికా ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో దాదాపు 5 లక్షల 60 వేల మంది ఉండేవారు. అది శిఖరం, తర్వాత తగ్గుతూ వచ్చింది. అలా బయటికొచ్చిన వాళ్ళలో ఎంతమందికి ఇల్లు దొరికిందన్నది వేరే కథ.

ఇదీ గుడ్డిగా వచ్చిన మందే. ఎలా పనిచేస్తుందో 1963లో మళ్ళీ కార్ల్‌సనే దారి చూపించాడు. డోపమిన్ అందుకునే గడియని ఇది మూసేస్తుంది. చిక్కేమిటంటే మెదడులో ఒకచోట డోపమిన్ ఆ తిట్లతో సంబంధం ఉన్న దారుల్లో ఉంటుంది, మరోచోట చేతులూ కాళ్ళూ సాఫీగా కదలడానికి అదే కావాలి. మందుకి ఆ తేడా తెలియదు. రెండూ మూసేస్తుంది. చెవులు వాల్చిన కుందేళ్ళ ఫోటో చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది మా ఇంటి అరుగు మీద గ్లాసు పట్టుకుని కూర్చున్న బాబాయే. ఆయన చేతి వణుకు పిచ్చిది కాదు, మాత్రది. ఆ సంగతి డాక్టర్లకి 1950ల్లోనే తెలుసు. మా ఊరికి చేరలేదు.

సరే, నా మాత్ర దగ్గరికి వద్దాం. జర్మన్లు రాకెట్ ఇంజన్లకి వాడిన హైడ్రజీన్ అనే ఇంధనం యుద్ధం అయ్యాక చవగ్గా మిగిలిపోయింది. దాంతో మందుల కంపెనీలు రకరకాల పదార్థాలు చేసి క్షయ మీద పరీక్షించాయి. అందులో ఒకటైన ఇప్రొనయజిడ్ ని 1952లో న్యూయార్కు స్టేటన్ ఐలండ్ లోని సీ వ్యూ ఆసుపత్రిలో ఇస్తే, క్షయ రోగులు మరీ హుషారైపోయారు. చావుకి ఎదురుచూస్తున్నవాళ్ళు వార్డులో డాన్సులు చేశారని పత్రికలు రాశాయి. 1957లో మన రాక్‌లండ్ క్లైన్ దీన్ని దిగులు రోగులకి ఇచ్చి చూపించాడు. ఇది సెరటోనిన్ వంటి రసాయనాల్ని విరగ్గొట్టే ఎంజైముని ఆపుతుంది, అంటే అవి పెరుగుతాయి. దాదాపు అప్పుడే స్విట్జర్లాండులో రోలండ్ కూన్ స్కిజోఫ్రీనియాకి పనికిరాని ఇమిప్రమిన్ దిగులుకి పనికొస్తుందని గమనించాడు. జ్యూరిక్ సభలో ఆయన ఉపన్యాసానికి వచ్చింది డజను మంది. మళ్ళీ బెతెస్డాలోనే, నలభై దాటాక పిహెచ్.డి. తెచ్చుకున్న జూలియస్ ఆక్సెల్‌రాడ్, నరం తాను వదిలిన రసాయనాన్ని మళ్ళీ తానే పీల్చుకుంటుందనీ, ఇమిప్రమిన్ ఆ పీల్చుకోవడాన్ని అడ్డుకుంటుందనీ 1961 ప్రాంతంలో చూపించాడు. 1970లో నోబెల్.

ఇప్పుడు లెక్క చూడండి. రిసర్పిన్ ఈ రసాయనాల్ని ఖాళీ చేస్తుంది, బీపీకి అది వేసుకున్న కొందరు దిగులుపడ్డారు. ఇప్రొనయజిడ్, ఇమిప్రమిన్ వాటిని పెంచుతాయి, దిగులు తగ్గుతుంది. కాబట్టి దిగులంటే ఈ రసాయనాల కొరత! 1965లో జోసెఫ్ షిల్డ్‌క్రౌట్ నోరెపినెఫ్రిన్ పేరు మీద, 1967లో అలెక్ కాపెన్ సెరటోనిన్ పేరు మీద ఇలా వాదించారు. షిల్డ్‌క్రౌట్ ఇది పూర్తి నిజం కాకపోవచ్చు, ఇంకా చాలా ఉండి ఉంటుంది అని తన వ్యాసంలోనే జాగ్రత్తగా రాసుకున్నాడు కూడా.

హైదరాబాదులో నా మొదటి ఉద్యోగంలో ఒక సర్వరు రోజూ రాత్రి పడిపోయేది. రీస్టార్ట్ చేస్తే లేచేది. మా మేనేజరు రిపోర్టులో 'మూల కారణం' అన్న గడిలో 'రీస్టార్ట్ చెయ్యకపోవడం' అని రాశాడు. మేం ఏడాది నవ్వుకున్నాం. కొరత సిద్ధాంతం చదువుతుంటే ఆ గడే కళ్ళముందు కదిలింది.

పైగా పునాది రాయే కదులుతోంది. 1955లోనే, అంటే బ్రోడీ ల్యాబు రిసర్పిన్ సెరటోనిన్ని ఖాళీ చేస్తుందని చెప్పిన అదే సంవత్సరం, లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో డేవిస్, షెపర్డ్ అనే ఇద్దరు ఆందోళన, దిగులు ఉన్నవాళ్ళకి రిసర్పిన్ ఇచ్చి, ఉత్తి మాత్రతో పోల్చి చూస్తే, రిసర్పిన్ తీసుకున్నవాళ్ళకే నయంగా ఉంది! లాన్సెట్ లోనే వచ్చింది. కథలో ఇమడలేదు కాబట్టి పెద్దగా ఎవరూ తలచుకోలేదు. ఇంకో చిక్కు: ఈ మందులు సెరటోనిన్ మీద కొన్ని గంటల్లోనే పనిచేస్తాయి, మనిషి తేరుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. కొరతే కారణమైతే నింపిన రోజే లేవాలి కదా? నాకు ఆరు వారాలు పట్టింది.

ఫ్లూఆక్సెటిన్ 1972లో లిల్లీ కంపెనీలో పుట్టి, 1987 డిసెంబరులో ప్రొజాక్ పేరుతో అమెరికాలో అనుమతి పొందింది. సెర్ట్రలిన్ 1991లో. ఈ కొత్త తరం మందుల్ని మాత్రం నిజంగానే సెరటోనిన్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. 1997లో అమెరికాలో టీవీ ప్రకటనల నియమాలు సడలాక, షిల్డ్‌క్రౌట్ జాగ్రత్తలన్నీ రాలిపోయి, 'రసాయన అసమతుల్యత' అన్న రెండు ముక్కలు మిగిలాయి. అవే మా డాక్టరు నోటికి, అక్కణ్ణుంచి నాకు వచ్చాయి.

మరి నేను చదివి మండిపడిన ఆ 2022 సమీక్ష? అది చెప్పింది కారణం గురించి. మందు పనిచేస్తుందా లేదా అన్నది వేరే లెక్క. దానికి 2018లో లాన్సెట్ లో సిప్రియానీ బృందం 522 పరీక్షల్ని, లక్షా పదహారు వేల పైచిలుకు రోగుల్ని కలిపి చూసింది. చూసిన 21 మందులూ ఉత్తి మాత్ర కంటే మెరుగే, కానీ సగటున ఆ తేడా ఓ మోస్తరే. కొందరికి బాగా, కొందరికి అస్సలు లేదు. సెరటోనిన్ పెరిగాక ఆ వారాల్లో మెదడులో ఏం మారుతుందన్నది ఇంకా తేలలేదు. మాంక్రీఫ్ తో విభేదించినవాళ్ళూ చాలామందే ఉన్నారు. నేను మాత్రం మాత్రకి విడాకులివ్వలేదు. ఇన్సులిన్ పోలిక ఒక్కటే తీసేశాను. అది లేకపోతే కొన్నాళ్ళు సిగ్గేసింది. 'పాత్రలో సరుకు తక్కువ' అని చెప్పుకోవడం ఎంత ఆసరాగా ఉండేదో అప్పుడు తెలిసింది.

కిందటి సంక్రాంతికి ఇంటికి ఫోన్ చేస్తే బాబాయి ఎత్తాడు. ఇప్పుడాయన అరవై దాటాడు. పదిహేనేళ్ళ కిందట డాక్టరు మందు మార్చాక వణుకు చాలా వరకు తగ్గింది. నాకేం తోచిందో, కుందేళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాను. నీ చేతుల వణుకు నీ జబ్బు కాదు బాబాయ్, మాత్ర వల్ల అన్నాను. "అది నాకు తెలుసులేరా" అన్నాడు. "వేసుకోకపోతే వణుకు పోయేది, వాళ్ళు మళ్ళీ తిట్టేవాళ్ళు. రెంటిలో వణుకే నయం అనుకున్నా."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత, అమ్మకి కూడా చెప్పని సంగతి, నా సీసా గురించి చెప్పాను. ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు.

"పొద్దున వేసుకుంటావా, రాత్రా?"

"పొద్దునే బాబాయ్."

"ఏమన్నా తిని వేసుకో. ఖాళీ కడుపున తిప్పుతుంది" అన్నాడు.